వచ్చే గురువారానికి బయూమీకి నలభై

లోకంలో అందరికీ పుట్టినరోజు వస్తే ఒక ఏడు పెరుగుతుంది. కైరోలో, పిరమిడ్ల రోడ్డు మీది సర్కారు సినిమా స్టూడియోలో గడ్డాలూ మీసాలూ అంటించే బయూమీకి మాత్రం ఒక ఏడు తగ్గుతుంది. యాభై దాకా మర్యాదస్థుడిలా పెరుగుతూ వచ్చినవాడు, ఆ పై ఏప్రిల్ ఎనిమిదిన బస్‌బూసా మిఠాయి పళ్లెం పట్టుకొచ్చి, "తినండి, ఈ రోజుతో నాకు నలభై తొమ్మిది" అన్నాడు. అందరూ నవ్వి తిన్నారు. మరుసటి ఏడు నలభై ఎనిమిది అన్నాడు. మళ్లీ నవ్వి తిన్నారు. మూడో ఏటి నుంచి నవ్వడం మానేసి ఊరికే తిన్నారు.

ఒక్క హిల్మీకే ఆ మిఠాయి గొంతు దిగేది కాదు.

హిల్మీ ఆ స్టూడియోలో ప్రొడక్షన్ మేనేజరు. సినిమా తీసే చోట అందరూ పడాల్సిన భయాన్ని ఒక్కడి మీద పెట్టి, వాడికి జీతమిస్తారు. ఆ ఒక్కడు హిల్మీ. దీపం ఆరుతుందేమో, ఒంటె అలుగుతుందేమో, హీరోకి జలుబు చేస్తుందేమో అని పొద్దున్నించీ కడుపు పట్టుకుని తిరుగుతాడు. జేబులో కలం లేకపోయినా చేతిలో సోంపు కషాయం గ్లాసు ఉండాల్సిందే.

బయూమీ వయసు తగ్గుతుంటే హిల్మీ కడుపెందుకు నొప్పెట్టాలంటారా? హిల్మీ స్టూడియోలో చేరేటప్పటికి అతనికి ముప్ఫై నాలుగు, బయూమీకి యాభై. "ఏమబ్బాయ్, భోంచేశావా?" అనేవాడు బయూమీ. నాలుగైదేళ్లకు అది "తమ్ముడూ" అయింది. రెండేళ్ల కింద ఒక పొద్దున బయూమీ పరుగెత్తుకొచ్చి హిల్మీని కావలించుకుని, "నీకు నలభై రెండు, ఈ రోజుతో నాకూ నలభై రెండు! ఇవాళ మనం కవలలం!" అన్నాడు. మరుసటి ఏడు కొంచెం వంగి, చేతులు కట్టుకుని, "భోంచేశారా, అన్నయ్యా?" అన్నాడు.

ఆ 'రా' చెవిన పడగానే హిల్మీ గుండెలో రాయి పడింది. ఇంటికెళ్లి వేళ్లు ముడిచి లెక్క వేశాడు. ఈ లెక్కన మరో అయిదారేళ్లలో తను బాబాయి. ఆ పైన తాతయ్య. నెరిసిన మీసం, నొప్పెట్టే మోకాళ్లు ఉన్న మనిషి తనను తాతయ్యా అని పిలిచే రోజు చూడటానికా తను బతికి ఉండాలి?

ఇది స్టూడియో గోడల మధ్య ఆగిందా అంటే అదీ లేదు. బస్సెక్కితే ముప్ఫై అయిదేళ్ల గుమాస్తాకి లేచి సీటిచ్చేవాడు బయూమీ. "కూర్చోండి, ఇంకో ఆరేళ్లలో మీరు నాకంటే పెద్దవారు" అనేవాడు. మధ్యాహ్నం లైట్లు మోసేవాళ్లు బంతి ఆడుతుంటే తనూ దిగేవాడు. రెండు నిమిషాలకే ఊపిరి అందక కూలబడి, "ఎదిగే వయసు కదా, ఎముకలు సర్దుకుంటున్నాయి" అనేవాడు. పళ్ల డాక్టరు ఒక పన్ను పీకితే, దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి అందరికీ చూపించాడు. "పాలపన్నుకి చోటు తయారవుతోంది."

ఆయన భార్య ఫౌకియ్యాకి ఓపికెక్కువ. "పెళ్లినాటికి ఆయన నాకంటే పెద్ద, నాయనా" అనేది హిల్మీతో. "ఇప్పుడు నాకు యాభై నాలుగు, ఆయనకి నలభై ఒకటి. ఇంకొన్నాళ్లు పోతే కాళ్లు చాపుకుని ఒళ్లో పడుకోబెట్టుకుని ఉగ్గు పట్టాలి. ఆ మీసాలు ఉగ్గులో తడుస్తాయేమోనని నా బెంగ."

ఇలాంటి మనిషి ఉన్న చోటికి ఆ ఏడు ఒక కథ వెతుక్కుంటూ వచ్చింది. డెబ్భై ఏళ్ల ముసలివాడిగా పుట్టి, ఏడు గడిచేకొద్దీ పడుచువాడై, చివరికి ఉయ్యాల్లో చేరే మనిషి కథ. దర్శకుడు నుస్రత్ ఆ సినిమా తీయబోతున్నాడని తెలియగానే బయూమీ తలుపు కొట్టకుండా ఆయన గదిలోకి వెళ్లాడు.

"నా బతుకు సినిమా తీసేటప్పుడు ఒక మాట నన్నడగాలా వద్దా?"

"ఇది కల్పన, బయూమీ."

"మీకు కల్పన. నాకు మోకాళ్లు! వెనక్కి వచ్చేవాడికి ముందు మోకాలు బాగుపడుతుంది, తరవాత నిద్ర పడుతుంది, జుట్టు నల్లబడేది ఆఖరున. మీరు మొదటి సీన్లోనే జుట్టు నల్లగా రాశారు. చూసినవాళ్లు నవ్విపోతారు!"

నుస్రత్ సీను కొట్టేసి తిరగరాశాడు.

బయూమీ ఆ సినిమాకి పదకొండు గడ్డాలు అల్లాడు. మేక వెంట్రుకలు, మనిషి వెంట్రుకలు కలిపి, ఒకదాని కంటే ఒకదానిలో నెరుపు తగ్గిస్తూ, ఒక్కొక్కటీ ఒక్కో ఖాళీ హల్వా డబ్బాలో పెట్టాడు. డబ్బాల మీద ఏమీ రాయలేదు. "ఏది ఏ వయసుదో ఎలా తెలుస్తుంది, బాబాయ్?" అని హిల్మీ అడిగితే, మూత తీసి వాసన చూశాడు. "ఇది అరవై మూడు. ఇది యాభై. అన్నయ్యా, మీరు చూస్తే ఏం తెలుస్తుంది? ముక్కుండాలి."

సినిమా వరసలో తీయరు కదా. పొద్దున హీరోకి డెబ్భై, భోజనాలయ్యాక ముప్ఫై, సాయంత్రం యాభై. ఏ పూట ఏ గడ్డమో తెలిసిన ముక్కు స్టూడియో మొత్తానికీ ఒక్కటే. ఆ ముక్కుకి జలుబు చేయకూడదని హిల్మీ సయ్యిదా జైనబ్ దర్గాలో కొవ్వొత్తులు వెలిగించి వచ్చాడు.

జలుబు రాలేదు. కాగితం వచ్చింది.

ఎడారి దుమ్ముగాలి లేచిన ఒక ఆదివారం, ఉద్యోగుల రికార్డు చూసే షుక్రల్లా గారు హిల్మీని పిలిపించి కాగితం ముందుకు తోశారు. జనన పత్రం ప్రకారం బయూమీ పుట్టింది పంతొమ్మిది వందల పదహారు. వచ్చే గురువారం, ఏప్రిల్ ఎనిమిదికి అరవై నిండుతాయి. ఆ రోజు నుంచి పని లేదు, గేటు లోపలికి రానివ్వకూడదు.

"ఇంకా పద్దెనిమిది రోజుల షూటింగు ఉందండీ!"

"కాగితానికి షూటింగు తెలీదు."

"ఆ గడ్డాలు ఆయన తప్ప ఇంకొకరు..."

"కాగితానికి గడ్డాలూ తెలియవు, హిల్మీ గారూ. కాగితమే తప్పని నిరూపిస్తే వేరే సంగతి. బుధవారం కమిటీ కూర్చుంటుంది. ఆయన ఎప్పుడు పుట్టాడో ఎరిగిన మనిషి, ఆయన ఈడువారో అంతకంటే పెద్దవారో, తమ జనన పత్రం పట్టుకొచ్చి ప్రమాణం చేయాలి."

హిల్మీ రెండు గ్లాసుల కషాయం తాగి బయూమీని వెతుక్కుంటూ వెళ్లాడు. బయూమీ విని పడీ పడీ నవ్వాడు.

"అరవై ఏమిటి, అన్నయ్యా! వచ్చే గురువారానికి నాకు నలభై."

"బాబాయ్, మీ కాళ్లు పట్టుకుంటాను. ఇది ఆట కాదు. గేటు మూసేస్తారు!"

"కాళ్లు పట్టుకోకండి. పెద్దవారు, ఆయుక్షీణం."

కానీ నవ్వు ఆగాక బయూమీ చేతిలోని దువ్వెన కదల్లేదు. ముప్ఫై ఏడేళ్లుగా పొద్దున్నే ఆ గదిలోకి వచ్చి, జిగురు వాసన పీల్చి, కిటికీ తెరిచిన మనిషి. గది నాలుగు గోడల్నీ ఒకసారి చూశాడు. హిల్మీ అది చూశాడు. ఆ రోజు సాయంత్రం కడుపునొప్పి తన గురించి కాదని అతనికి మొదటిసారి తెలిసింది.

నేరుగా ఫౌకియ్యా దగ్గరకు వెళ్లాడు. ఆమె పప్పుచారు గిన్నె ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఆ కాగితం ఆయనది కాదు, నాయనా. ఆయన కంటే ముందు పుట్టిన అన్నది. ఆ బిడ్డ ఏడాదికే పోయాడు. అన్న పుట్టిన మూడేళ్లకు ఈయన పుట్టాడు. ఇంగ్లీషువాళ్ల మీద జనం తిరగబడ్డ ఏడది. రైలు పట్టాలు పీకేశారు, ఆఫీసులు మూసేశారు. బిడ్డ పేరు రాయించడానికి ఎక్కడికి వెళ్తారు? ఇంట్లో ఒక కాగితం ఉండనే ఉంది. ఈయనకీ బయూమీ అనే పేరు పెట్టి దాన్నే దాచుకున్నారు. మా వైపు సగం మంది అలా పోయినవాళ్ల కాగితాల మీద బతుకుతున్నవాళ్లే."

"అయితే ఆయనకి యాభై ఏడే! ఇంకా మూడేళ్ల పనుంది! సాక్షి ఎవరు?"

ఫౌకియ్యా లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఉంది. కానీ ఆయన అడగడు. నువ్వు అడగవని మీ అమ్మ మీద ఒట్టెయ్."

హిల్మీ ఒట్టేశాడు. వేశాక తెలిసింది, ఎంత తప్పు పని చేశాడో.

సాక్షి మదామ్ ఇన్సాఫ్. ఆ సినిమా కథానాయిక! ముప్ఫై ఏళ్లుగా నైలు నదిలో ఆమె పేరు తెలియని చేప లేదు. పత్రికలవాళ్లు ఆమె వయసు రాసేటప్పుడు నలభై దగ్గర కలం ఆపేస్తారు, ఆ పైన అంకెలు లేనట్టు. ఆమె పుట్టినప్పుడు తల్లికి పాలు పడలేదు. పక్కింట్లో పంతొమ్మిది రోజుల తరవాత బయూమీని కన్న ఆవిడ ఇద్దరినీ చెరో రొమ్ముకీ వేసుకుని పెంచింది. ఒకే పాలు తాగినవాళ్లు అక్కడివాళ్ల లెక్కలో తోబుట్టువులు. స్టూడియోలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. బయూమీ చెప్పలేదు.

"పదేళ్ల కింద ఒక నిర్మాత ఆవిడను హీరోకి తల్లి వేషం వేయమన్నాడు" అంది ఫౌకియ్యా. "నలభై ఏడేళ్లు అప్పటికి. మేకప్ గదిలో తలుపేసుకుని కూర్చుంది. రెండు రోజులు తెరవలేదు. ఈయన తలుపు బయట కూర్చుని, 'మదామ్, నేను ఇక పెరగనని నిర్ణయించుకున్నాను. వచ్చే ఏటి నుంచి వెనక్కి వస్తాను. తోడుగా ఎవరైనా ఉంటే బాగుండు' అన్నాడట. లోపల నవ్వు వినిపించిందట. అప్పటి నుంచి కుర్చీలో కూర్చోగానే ఆవిడ మొదటి మాట అదే, 'బయూమీ, నీకెన్నేళ్లు?' ఈయన చెబుతాడు. ఆవిడ వణుకు తగ్గుతుంది. 'నేనొక్కదాన్నే తగ్గించుకుంటే అబద్ధం. పాలు పంచుకున్న ఇద్దరమూ తగ్గితే తప్పు కాలానిదే' అంటుందట. ఊరంతా నవ్వినా సరే, ఈయన పట్టు వదల్లేదు. ఇప్పుడావిడ కమిటీ ముందుకెళ్లి పుట్టిన ఏడు చెప్పాలా? మర్నాటికి పత్రికల నిండా అదే. మంచి వేషం వచ్చింది పదేళ్లకి."

హిల్మీ పప్పుచారు గిన్నె పక్కకు జరిపాడు. చెబితే ఆవిడ పోతుంది, చెప్పకపోతే ఈయన పోతాడు. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టు, మింగడానికీ లేదు, కక్కడానికీ లేదు. రెండు రోజులు స్టూడియోలో దెయ్యంలా తిరిగాడు. ఏమైందని అడిగినవాళ్లందరికీ "ఒంటె" అని చెప్పాడు. ఆ వారం షూటింగులో ఒంటె లేదు.

బుధవారం వచ్చింది. బయట దుమ్ము పసుపు పచ్చగా లేస్తోంది. బయూమీ మదామ్ ఇన్సాఫ్ కుర్చీ వెనక నిలబడి పని మొదలుపెట్టాడు. కథలో హీరో పడుచువాడయ్యేకొద్దీ ఆమె ముసలిదవుతుంది; ఆ రోజు సీనులో మాత్రం పాతికేళ్లది. కుడి వైపు పూర్తయింది. సన్నని జాలీ గుడ్డ ముక్క అంటించి చెంప వెనక్కి లాగాడు, కంటి కింద నీడ తీసేశాడు, కనుబొమ్మ ఎత్తాడు. ఎడమ వైపు మొదలుపెట్టబోతుండగా ప్యూను వచ్చి కమిటీ పిలుస్తోందన్నాడు. బయూమీ బ్రష్షు కడిగి, గుడ్డ మడిచి, "ఒక్క క్షణం, మదామ్, టీ తాగొస్తాను" అని వెళ్లాడు.

గదిలో ఆమెతో పాటు, గోడకానుకుని నిలబడ్డ హిల్మీ ఒక్కడే మిగిలాడు. ఆమె అద్దంలో అతణ్ణి చూసింది. ఒడిలో చేతులు వణుకుతున్నాయి.

"టీకి వెళ్లేటప్పుడు బ్రష్షు కడగడు వాడు. ఎక్కడికి వెళ్లాడు?"

"నేనేమీ చెప్పను, మదామ్! అమ్మ మీద ఒట్టేశాను!"

"దేని మీద?"

"బయూమీ బాబాయి కాగితంలో పదహారు అని ఉందని నేను చెప్పనే చెప్పను. రేపటికి అరవై అని గేటు మూసేస్తున్నారనీ చెప్పను. ఇవాళ సాక్షి రాకపోతే ఇక ఈ గదిలో అడుగు పెట్టనివ్వరని నా నోటితో అసలే చెప్పను. ఆ సాక్షి ఎవరో నన్ను చంపినా చెప్పను!"

ఇంత చెప్పకుండా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆమె అద్దంలోకే చూస్తూ కూర్చుంది. హిల్మీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తన నోటితో ఒక సినిమాను, ఒక తారను, ఒక ఒట్టును ఒక్క దెబ్బకు ముంచేశాడు. అమ్మకేమవుతుందో ఏమో. ఆమె జిగురు సీసా తీసి ఎడమ చెంప మీద ఒక చుక్క వేసుకుంది. మళ్లీ గుడ్డతో తుడిచేసుకుంది. లేచింది.

"అరవైయా? నాకంటే మూడేళ్లు పెద్దవాడా వాడు? పాలు తాగేటప్పుడు నా జుట్టు పీకినవాడు!"

"మదామ్, ఎడమ వైపు కాలేదు! మదామ్, దుమ్ము! జాలీ ఊడిపోతుంది! మదామ్!"

కమిటీ కూర్చున్నది ఊళ్లోని ఆఫీసులో; దారిలో ఆమె ఇంటి ముందు కారాపించి తన జనన పత్రం తెప్పించుకుంది. కమిటీ గది తలుపు తోసేసరికి లోపల షుక్రల్లా గారు అడుగుతున్నారు.

"ఆఖరుసారి అడుగుతున్నాను. వయసెంత?"

"ఇవాళ్టికి నలభై ఒకటి" అన్నాడు బయూమీ. "రేపటికి నలభై."

"మరి ఈ కాగితం?"

"మా అన్నది. మంచివాడని చెప్పేవారు. నేను చూడలేదు."

"సాక్షి?"

"లేరు. ఉన్న ఒక్కరూ పోయారు."

"ఎప్పుడు పోయానురా?" అంది మదామ్ ఇన్సాఫ్.

కమిటీలోని అయిదుగురూ లేచి నిలబడ్డారు. నిలబడి ఎటు చూడాలో తెలియక తడబడ్డారు. ఆమె ముఖం కుడి వైపు పాతికేళ్లది, ఎడమ వైపు యాభై ఏడేళ్లది. అటు వైపువాళ్లు జుట్టు సర్దుకున్నారు, ఇటు వైపువాళ్లు తల వంచి నమస్కారం పెట్టారు. నడుమ షుక్రల్లా గారు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి చూశారు.

"మదామ్, వద్దు" అన్నాడు బయూమీ. మొదటిసారి గొంతులో నవ్వు లేదు. "గదినిండా జనం ఉన్నారు. వెళ్లిపోండి. నాకు ఇంట్లో బోలెడు పని."

"నోర్మూసుకో. పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు."

ఆమె కుర్చీ లాక్కుని, కావాలనే ఎడమ చెంప కమిటీ వైపు తిప్పి కూర్చుంది. కాగితం బల్ల మీద పెట్టింది. టైపు కొట్టే అమ్మాయి వేళ్లు గాలిలో ఆగాయి.

"నేను ఇన్సాఫ్‌ని. ఇతని తల్లి పాలు తాగాను. పంతొమ్మిది వందల పంతొమ్మిది మార్చిలో పుట్టాను. వీధుల్లో తుపాకులు పేలుతుంటే మంత్రసాని మిద్దెల మీదుగా వచ్చిందని మా అమ్మ చెప్పేది. పంతొమ్మిది రోజులకు వీడు పుట్టాడు."



"సంవత్సరం... మరోసారి చెప్తారా, మదామ్?" అంది టైపు అమ్మాయి.

"ఒక్కసారి చెప్పడానికే పదేళ్లు పట్టింది తల్లీ. మళ్లీ అడక్కు."

టైపు మిషను టకటకలాడింది. షుక్రల్లా గారు ముద్ర వేశారు. బయూమీకి యాభై ఏడు. మూడేళ్లు గేటు తెరిచే ఉంటుంది. గుమ్మం దగ్గర నిలబడ్డ హిల్మీ గోడను పట్టుకుని, ఇప్పుడిక భయపడాల్సింది ఆవిడ వేషం గురించి అని గుర్తు చేసుకుని, ఆ పని వెంటనే మొదలుపెట్టాడు.

కానీ ఆ భయానికి ఆయుష్షు చాలలేదు. ఆవిడ అలాగే సెట్టులోకి వెళ్లింది. నుస్రత్ ఆమెను కుడి నుంచి చూశాడు, ఎడమ నుంచి చూశాడు, కుర్చీలోంచి లేచి చుట్టూ తిరిగాడు. "బయూమీ! నెలరోజులుగా ఈవిడకి ముసలితనం ఎలా అంటించాలా అని చస్తున్నాం. అది ఇక్కడే ఉందిగా! పాతికేళ్ల సీన్లకు నువ్వు దిద్దు. ఆఖరు సీన్లకు చెయ్యి పెట్టావో, నరికేస్తాను!"

"నరకండి" అన్నాడు బయూమీ కోపంగా. "పదేళ్లు కష్టపడి తగ్గించాను. ఒక్క పొద్దున్న అన్నీ తిరిగొచ్చేశాయి. ఎవరికైనా పని విలువ తెలుసా?"

గురువారం పొద్దున బస్‌బూసా పళ్లెం వచ్చింది. ఈసారి అందరూ మిఠాయి ముట్టుకోకుండా బయూమీ నోటి వంకే చూస్తున్నారు. నలభై అంటాడా, యాభై ఏడు అంటాడా? పత్రిక ఒకటి బల్ల మీద పడి ఉంది. దాని మీద రెండు ముఖాల మదామ్ ఇన్సాఫ్ ఉంది. ఆవిడ లోపల మేకప్ కుర్చీలో కూర్చుని ఉంది. చేతులు వణకడం లేదు, ఒక చేత్తో మిఠాయి తింటోంది.

బయూమీ పెద్ద ముక్క కోసి హిల్మీకి అందించాడు.

"తిను, అబ్బాయ్."

హిల్మీకి చెవులు నమ్మబుద్ధి కాలేదు. "ఏమన్నారు, బాబాయ్?"

"తినమన్నాను. యాభై ఏడేళ్లవాణ్ణి చెబుతున్నాను, మాట విను. మీ అమ్మకేమీ కాదు. నువ్వేమీ చెప్పలేదట, మదామే చెప్పింది. కడుపు మాడ్చుకోకు, ఇంకా చిన్న వయసు నీది."

హిల్మీ తిన్నాడు. సోంపు కషాయం లేకుండా, నిలబడి, వేళ్లు నాక్కుంటూ మొత్తం తిన్నాడు. నలభై నాలుగేళ్లవాణ్ణి 'అబ్బాయ్' అంటే ఒంట్లోంచి అంత బరువు దిగుతుందని అతనికి తెలియదు. ఇదేనా ఇన్నేళ్లూ ఈ మనిషి ఆవిడకు రోజూ పొద్దున పంచింది!

"మరి వచ్చే ఏటికో, బాబాయ్?" అని అడిగాడు, రెండో ముక్క అందుకుంటూ. "యాభై ఎనిమిదేనా?"

బయూమీ హల్వా డబ్బా మూత తీసి, వాసన చూసి, ఆలోచించాడు.

"యాభై ఆరు."

లోపలి నుంచి, నోటి నిండా మిఠాయితో, మదామ్ ఇన్సాఫ్ కేక వినిపించింది.

"అయితే నాకూ యాభై ఆరే! వెనక్కి వస్తున్నాం కాబట్టి ఇక నుంచి పంతొమ్మిది రోజులు నేనే చిన్న. అక్కా అన్నావో చూడు!"